సిగ్నల్ డేటా చేతికొస్తే వ్యాన్లకు మంచి దారి చూపించొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. హైదరాబాద్‌లో 40 డెలివరీ వ్యాన్లు నడిపే కంపెనీలో మీరు సాఫ్ట్‌వేర్ చూస్తున్నారు. కొన్ని జంక్షన్ల సిగ్నల్ డేటా మీకు అందే అవకాశం వచ్చింది. ఎక్కడ గ్రీన్ పడిందో, ఎక్కడ రెడ్ ఉందో చూసుకుంటూ వ్యాన్లను ఎప్పటికప్పుడు గ్రీన్ ఉన్న దారికి మళ్లిస్తే టైం కలిసొస్తుందా? లేక మామూలు మ్యాప్ చూపించే దారితో సరిపెట్టుకోవచ్చా?

నేను తొమ్మిదేళ్లు జంక్షన్లలో సిగ్నల్ టైమింగులు వేసే పని చేశాను. ఆ తర్వాత ఎనిమిదేళ్లుగా వాహనాలకు దారి లెక్కగట్టే పనిలో ఉన్నాను. రెండు వైపుల నుంచీ చూసిన అనుభవంతో రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

టైం కలిసొస్తుంది, మీరు అనుకుంటున్న పద్ధతిలో మాత్రం రాదు. ఈ క్షణంలో ఏ రంగు ఉందన్న సమాచారం దారి ఎంచుకోవడానికి దాదాపు పనికిరాదు. ఏ జంక్షన్‌కి ఏ వైపు నుంచి, ఏ వేళలో వస్తే ఎంతసేపు ఆగాల్సి వస్తుందన్న లెక్క మాత్రం చాలా పనికొస్తుంది. ఆ లెక్క కావాలంటే లైవ్ డేటాను పారేయకుండా కనీసం నెల రోజులు దాచిపెట్టుకోవాలి.

రంగు ఎందుకు పనికిరాదో ముందు చెప్తాను. మీ వ్యాన్ జంక్షన్‌కి మూడు కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. చేరడానికి పది నిమిషాలు అని మీ లెక్క. సాయంత్రం వేళ ఆ పది నిమిషాలు ఎనిమిది కావచ్చు, పన్నెండు కావచ్చు. సిగ్నల్ సైకిలేమో (ఒక వైపు గ్రీన్ పడ్డాక మళ్లీ అదే వైపు గ్రీన్ పడేదాకా పట్టే సమయం) రెండు, రెండున్నర నిమిషాలు. అంటే మీ అంచనాలో ఉన్న తేడాయే ఒక సైకిల్ కన్నా పెద్దది. వ్యాన్ అక్కడికి చేరేసరికి ఏ రంగు ఉంటుందో ఎంత గొప్ప ప్రోగ్రాం రాసినా చెప్పలేం. చివరి మూడు, నాలుగు వందల మీటర్లలోనే రంగు తెలిసి ప్రయోజనం. అప్పటికి దారి మార్చుకునే సందు సాధారణంగా దాటిపోయి ఉంటుంది.

ఇక సగటు లెక్క. మన దగ్గర చాలా నాలుగు రోడ్ల జంక్షన్లలో ఒక్కో వైపు ఒక్కోసారి వదులుతారు. నేరుగా వెళ్లేవాళ్లు, కుడికి తిరిగేవాళ్లు ఒకే గ్రీన్‌లో పోతారు. సైకిల్ 160 సెకన్లు అనుకుందాం. మెయిన్ రోడ్డు వైపు 60 సెకన్ల గ్రీన్, పక్క రోడ్డు వైపు 20 సెకన్ల గ్రీన్. మెయిన్ రోడ్డు మీద వచ్చేవాడికి రెడ్ 100 సెకన్లు. అతను రెడ్‌లో వచ్చే అవకాశం 160లో 100 వంతులు, వస్తే సగటున 50 సెకన్లు ఆగుతాడు. గుణిస్తే 31 సెకన్లు. పక్క రోడ్డు మీద వచ్చేవాడికి రెడ్ 140 సెకన్లు. అదే లెక్క వేస్తే 61 సెకన్లు. అదే జంక్షన్, అదే స్తంభం, సిగ్నల్‌ని నడిపే అదే కంట్రోలర్ పెట్టె. వచ్చిన వైపును బట్టి ఆగే సమయం రెట్టింపయింది. 1958లో వెబ్‌స్టర్ అనే బ్రిటిష్ ఇంజినీర్ ఇచ్చిన ఆలస్యం సూత్రంలో మొదటి ముక్క ఈ ఆలోచన మీదే నిలబడింది. ఇప్పటికీ ప్రపంచమంతా దాన్నే మొదలుగా పెట్టుకుని లెక్కలు వేస్తారు.

పైన చెప్పింది రోడ్డు ఖాళీగా ఉన్నప్పటి మాట. అసలు నష్టం క్యూలో జరుగుతుంది.

మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలో గ్రీన్ ఉన్నప్పుడు గంటకు ఎన్ని బళ్లు దాటగలవో చెప్పడానికి రోడ్డు వెడల్పును మీటర్లలో తీసుకుని 525తో గుణిస్తారు. బళ్లను కార్ల లెక్కలోకి మారుస్తారు. బైక్‌కి కారు కన్నా తక్కువ విలువ, బస్సుకి ఎక్కువ. ఏడు మీటర్ల వెడల్పు ఉంటే గంటకు 3,675, అంటే సుమారు సెకనుకి ఒక కారు. పక్క రోడ్డుకు ఇచ్చిన 20 సెకన్ల గ్రీన్‌లో మొదటి రెండు సెకన్లు బళ్లు కదలడానికే పోతాయి. దాటేది 18 కార్లు. అక్కడ ముందే 40 కార్లు నిలబడి ఉంటే మీ వ్యాన్‌కి మూడో గ్రీన్‌లో గానీ మోక్షం లేదు. మధ్యలో రెండు పూర్తి సైకిళ్లు, అంటే 320 సెకన్లు, అక్కడే. మీ స్క్రీన్ మీద మాత్రం ఆ సిగ్నల్ 'గ్రీన్' అని కనిపిస్తూనే ఉంటుంది! అందుకే ఎవరైనా సిగ్నల్ డేటా గురించి అడిగితే నేను ముందు క్యూ గురించి అడుగుతాను. ఎన్ని సైకిళ్లకు దాటుతున్నారో తెలియకుండా రంగులు పట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

ఇందులో నా సొంత అనుభవం ఒకటుంది. ఒక గోదాం నుంచి రోజూ పొద్దున వ్యాన్లు బయల్దేరేవి. దగ్గరి దారి పక్క రోడ్డు గుండా వచ్చి మెయిన్ రోడ్డు మీద కుడికి తిరగాలి. మా లెక్కా అదే దారి చూపించేది, ఎందుకంటే ఆ పక్క రోడ్డు సగటు వేగం బాగానే కనిపించేది. అక్కడికెళ్లి రెండు ఉదయాలు నిలబడి చూశాక సంగతి తెలిసింది. ఆ రోడ్డు మీద వచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఫ్రీ లెఫ్ట్ తీసుకుని ఆగకుండా పోతున్నారు. బైకులు సందుల్లోంచి దూరి ముందుకు చేరి మొదటి గ్రీన్‌కే దాటేస్తున్నాయి. వీళ్లందరి వేగాన్ని కలిపి సగటు తీస్తే రోడ్డు చక్కగా నడుస్తున్నట్టే ఉంటుంది. కుడికి తిరగాల్సిన వ్యాన్ మాత్రం రెండేసి, మూడేసి సైకిళ్లు నిలబడుతోంది. మేం ఆ వ్యాన్లను ఫ్రీ లెఫ్ట్ తీసుకుని ముందున్న యూటర్న్ దగ్గర తిరిగి రమ్మన్నాం. దూరం పెరిగింది, ప్రయాణం నాలుగైదు నిమిషాలు తగ్గింది. డ్రైవర్లలో ఒకాయన, 'సార్, ఈ మాట మేం ఆర్నెల్ల నుంచి చెప్తున్నాం' అన్నాడు. అప్పట్నుంచి ఏ కొత్త చోట పని మొదలుపెట్టినా మొదటి రోజు డ్రైవర్లతో కూర్చుంటున్నాను. మీరూ అలాగే చేయండి.

దీన్నుంచి మీ ప్రోగ్రాంకి రెండు సంగతులు పట్టుకెళ్లండి. మొదటిది, ఆలస్యాన్ని రోడ్డుకి అంటించకండి, మలుపుకి అంటించండి. ఈ రోడ్డు నుంచి ఆ రోడ్డుకి వెళ్లడానికి ఇంత, నేరుగా వెళ్లడానికి ఇంత అని విడివిడిగా ఉండాలి. రెండోది, బైకునీ వ్యాన్‌నీ ఒకే సగటులో కలపకండి. గూగుల్ మ్యాప్స్ 2017 డిసెంబర్‌లో మన దేశంలో టూవీలర్లకు విడిగా ఒక మోడ్ తెచ్చింది. బైకు ప్రయాణం కారు ప్రయాణం ఒకటి కాదని మన రోడ్ల మీద నిలబడిన ఎవరికైనా తెలుస్తుంది.

మామూలు మ్యాప్ చాలదా అన్న మీ రెండో ప్రశ్నకు వస్తాను. ఫోన్ల కదలికల నుంచి సమయం లెక్కగట్టే ఏ మ్యాప్‌లోనైనా సిగ్నల్ దగ్గర ఆగిన సమయం ఇప్పటికే కలిసిపోయి ఉంటుంది. కాబట్టి నగరమంతటికీ వాటిని ఓడిద్దామని బయల్దేరకండి. మీ వ్యాన్లు రోజూ దాటే పదీ పదిహేను జంక్షన్లలో, మీ బండి పరిమాణానికి, మీరు తిరిగే మలుపులకు మాత్రం మీరు వాళ్ల కన్నా బాగా చెప్పగలరు. మీ బలం అక్కడుంది.

ఇప్పుడు డేటాలో ఉండే ఇబ్బందులు. వీటిలో రెండు మా పనిని వారాల తరబడి వెనక్కి లాగాయి.

ఒకటి మాన్యువల్. సాయంత్రం రద్దీలో, వాన పడ్డప్పుడు, వీఐపీ కాన్వాయ్ వచ్చినప్పుడు, అంబులెన్సు కోసం దారి ఇవ్వాల్సొచ్చినప్పుడు కానిస్టేబుల్ కంట్రోలర్ పెట్టె తెరిచి మాన్యువల్‌లో పెడతారు. అది తప్పని నేను అనను. కళ్లెదుట క్యూ ఎంత దూరం పోయిందో ఆయనకు కనిపిస్తోంది, పెట్టెకు కనిపించదు. కానీ మీకొచ్చే డేటా టైంటేబుల్ ఆధారంగా ఉంటే అది 'పక్క రోడ్డు గ్రీన్' అని చెప్తూనే ఉంటుంది, అక్కడ ఆరు నిమిషాలుగా ఎవర్నీ వదిలి ఉండరు. ఒక వానాకాలం సాయంత్రం మా సిస్టం ఇలాగే వ్యాన్ల వెనుక వ్యాన్లను ఒకే జంక్షన్‌కి పంపింది. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: గ్రీన్ ఉండాల్సిన వేళలో వరసగా రెండు సైకిళ్లు ఏ జీపీఎస్ బండీ కదలకపోతే ఆ జంక్షన్ సిగ్నల్ డేటాను పక్కన పెట్టి, బళ్ల జీపీఎస్‌నే నమ్మాలి. డేటా ఇచ్చేవాళ్లను మీరు ఒకే ఒక్క అదనపు గడి అడగగలిగితే ఇదే అడగండి: సిగ్నల్ ఆటోలో ఉందా, మాన్యువల్‌లో ఉందా, బ్లింకర్‌లో (పసుపు లైటు ఆరుతూ వెలుగుతూ) ఉందా. నా దృష్టిలో కౌంట్‌డౌన్ అంకెల కన్నా ఈ ఒక్క గడి విలువైంది.

రెండోది గడియారం. టైంటేబుల్ మీద నడిచే కంట్రోలర్లలో ఎవరి గడియారం వాళ్లది. జీపీఎస్‌తో సరిచూసుకునే ఏర్పాటు లేకపోతే రోజుకి సెకనో అరసెకనో జరుగుతూ పోతుంది. మొదటి వారం మా అంచనాలు ముచ్చటగా కుదిరాయి. మూడో వారానికి అన్నీ తప్పులే. మోడల్‌లో ఏదో పోయిందని మావాళ్లు రాత్రింబవళ్లు వెతికారు. చివరికి స్టాప్‌వాచ్ పట్టుకుని జంక్షన్ దగ్గర నిలబడితే కంట్రోలర్ గడియారం మా గడియారం కన్నా 20 సెకన్లు వెనక ఉందని తేలింది. కరెంటు పోయి వచ్చాక పాత టైమింగులకు వెళ్లిపోయే పెట్టెలు కూడా చూశాను.

మరికొన్ని చిన్నవి. జంక్షన్ మూసి యూటర్న్ పెట్టినా జాబితాలో ఆ సిగ్నల్ బతికే ఉంటుంది. హైదరాబాద్‌లో ఇలా యూటర్న్‌లైన జంక్షన్లు చాలా ఉన్నాయి కాబట్టి ముందు ఇది సరిచూసుకోండి. పొద్దుటి టైమింగుల నుంచి మధ్యాహ్నం టైమింగులకు మారేటప్పుడు రెండు మూడు సైకిళ్లు అటూఇటూ అవుతాయి, ఆ కాసేపు అంచనా వేయకండి. అన్నిటికన్నా ముందు, డేటాలో 'గ్రూప్ 4 గ్రీన్' అని వస్తే ఆ నాలుగు ఏ వైపో ఎవరో ఒకరు వెళ్లి చూసి రాసుకోవాలి. సిగ్నళ్లు బళ్లకు సమాచారం పంపడానికి అమెరికాలో వాడే ఎస్ఏఈ జే2735 ప్రమాణంలో సిగ్నల్ రంగు, మిగిలిన సమయం చెప్పే 'స్పాట్' సందేశం సాధారణంగా సెకనుకి పదిసార్లు వస్తుంది. దానికి జోడీగా ఏ లేన్‌కి ఏ గ్రూప్ వర్తిస్తుందో చెప్పే 'మ్యాప్' సందేశం విడిగా ఉంటుంది. ఆ రెండోది లేకపోతే మొదటిది వట్టి అంకెలు. మన దగ్గర ఆ రెండో సందేశం పని మీ చెప్పులే చేయాలి.

బళ్ల రాకను బట్టి గ్రీన్‌ని పెంచుతూ తగ్గించే అడాప్టివ్ సిగ్నళ్ల సంగతి వేరు. ఆస్ట్రేలియా స్కాట్స్, బ్రిటన్ స్కూట్, మన ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ వాళ్ల కోసికాస్ట్ ఈ కోవలోవి. వీటిలో రాబోయే గ్రీన్ ఎంతో కంట్రోలర్‌కే ముందుగా తెలియదు, మీకెలా తెలుస్తుంది? 2011లో ఎంఐటీ, ప్రిన్స్‌టన్ పరిశోధకులు 'సిగ్నల్‌గురు' అని ఒక ప్రయోగం చేశారు. కారు అద్దం దగ్గర పెట్టిన ఫోన్ కెమెరాలతో సిగ్నళ్లను చూసి, ఫోన్లు ఒకదానికొకటి చెప్పుకుని, తర్వాతి మార్పును ఊహించేవి. స్థిరమైన టైమింగులున్న అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో తప్పు 0.66 సెకన్లు, అడాప్టివ్ సిగ్నళ్లున్న సింగపూర్‌లో 2.45 సెకన్లు. నాకు ఆ పనిలో నచ్చింది, నగరం డేటా ఇవ్వకపోయినా బళ్లే సిగ్నల్‌ని నేర్చుకోగలవని చూపించడం.

స్థిరమైన టైమింగులున్న జంక్షన్లలో ఇది మీకూ కుదురుతుంది. మీ వ్యాన్లు ఆగి మళ్లీ కదిలిన క్షణాలను కొన్ని వారాల పాటు పోగేసి, స్టాప్‌లైన్ దగ్గరున్నవాటిని మాత్రం తీసుకుని, సైకిల్ నిడివితో భాగిస్తే వచ్చే శేషాలు ఒక చోట గుమిగూడతాయి. అదే గ్రీన్ మొదలయ్యే వేళ. దీనికి జీపీఎస్ సెకనుకోసారి రావాలి. 30 సెకన్లకోసారి వచ్చే జీపీఎస్‌తో 20 సెకన్ల గ్రీన్‌ని పట్టుకోలేరు. మీ పరికరాల్లో ఈ సెట్టింగ్ ఎలా ఉందో ఈ రోజే చూడండి. జంక్షన్‌కి 300 మీటర్ల లోపు ఉన్నప్పుడు మాత్రమే సెకనుకోసారి పంపేలా పెట్టుకుంటే ఫోన్ బ్యాటరీ, డేటా ఖర్చు కూడా అదుపులో ఉంటాయి.

దారి లెక్కగట్టే పద్ధతి గురించి భయపడకండి. సిగ్నల్ దగ్గర ముందు వచ్చిన బండి వెనక వచ్చినదాని కన్నా ఆలస్యంగా బయటపడదు, కనీసం లెక్కలో. ఆలస్యంగా చేరి ముందు బయటపడే వీలు లేనంత వరకు, అతి తక్కువ సమయం పట్టే దారి వెతికే 1959 నాటి డైక్‌స్ట్రా పద్ధతే సమయంతో మారే ఆలస్యాలకు కూడా సరైన జవాబిస్తుంది. నేనైతే ముందున్న ఒకటి రెండు జంక్షన్లకు లైవ్ సమాచారం, ఆ తర్వాత వాటన్నిటికీ ఆ వేళ సగటు వాడతాను. సగటుతో పాటు పదిసార్లలో ఎనిమిదిసార్లు ఎంతలోపు దాటుతున్నారో అదీ దగ్గర పెట్టుకోండి. కస్టమర్‌కి 'పదకొండింటికల్లా' అని మాటిచ్చినప్పుడు సగటున రెండు నిమిషాలు తక్కువ పట్టే దారి కన్నా, రోజూ ఒకేలా ఉండే దారి మేలు. డెలివరీలో నేను ఎప్పుడూ రెండో దారికే ఓటేస్తాను.

డ్రైవర్‌కి కౌంట్‌డౌన్ చూపించాలా అన్నది మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఆడి కంపెనీ 2016 డిసెంబర్‌లో లాస్‌వేగాస్‌లో తన కార్లలో గ్రీన్‌కి ఎంత సమయముందో చూపించడం మొదలుపెట్టింది. తర్వాత గ్రీన్ అందుకోవడానికి ఎంత వేగంతో వెళ్లాలో సలహా కూడా చేర్చింది. లేన్ పట్టుకుని, ముందు ఖాళీ ఉండి నడిపే రోడ్ల మీద అది అర్థవంతమైన పని. మన రోడ్డు మీద 'ఇంకా 6 సెకన్లు గ్రీన్' అని వ్యాన్ డ్రైవర్‌కి చూపిస్తే ఆయన కాలు యాక్సిలరేటర్ మీదకు పోతుంది. ఎదురుగా జీబ్రా మీద మనుషులుంటారు. అవతలి వైపు వాళ్లు గ్రీన్ పడకముందే కదిలి ఉంటారు. గ్రీన్ ఎంత మిగిలిందో దయచేసి చూపించకండి. ఆ సమాచారం దారి ఎంపిక లోపలే ఉండిపోనివ్వండి.

కాలనీ సందుల విషయంలోనూ ఇదే మాట. సిగ్నల్ ఆలస్యాలు నిజాయితీగా లెక్కపెట్టడం మొదలవగానే మీ ప్రోగ్రాం సందుల్లోంచి దారులు వెతకడం మొదలుపెడుతుంది. మావాళ్లు ఒకసారి స్కూల్ గేటు ముందు నుంచి వ్యాన్లను పంపారు, సరిగ్గా బడి విడిచే వేళకి. లెక్క ప్రకారం రెండు నిమిషాలు ఆదా. నేను ఆ సందును ఆ గంటల్లో పూర్తిగా మూసేయించాను. అలాంటి చోట్ల జాబితా మొదటి రోజే రాసుకోండి.

అందరినీ ఒకే మంచి దారికి పంపితే అది చెడ్డ దారవుతుంది కదా అని కొందరు అడుగుతారు. నిజమే. ఎవరికి వారు తమకు తక్కువ సమయం పట్టే దారి ఎంచుకున్నా, మొత్తంగా అందరి సమయం తగ్గాలని లేదని 1952లోనే వార్‌డ్రాప్ అనే బ్రిటిష్ రవాణా పరిశోధకుడు రెండు సూత్రాలుగా విడదీసి చూపించాడు. లక్షల మంది వాడే యాప్‌కి అది పెద్ద సమస్య. 40 వ్యాన్లకు కాదు, ఐదారు వ్యాన్లు ఒకే నిమిషంలో గోదాం వదిలే సందర్భంలో తప్ప. వాటిని మూడు నాలుగు నిమిషాల తేడాతో వదలండి, చాలు.

చివరిగా, మీరు కూడబెట్టే ఈ లెక్కలకు మీ వ్యాన్ల అవసరాన్ని మించిన ఉపయోగం ఉంది. గూగుల్ 'గ్రీన్ లైట్' ప్రాజెక్టు సరిగ్గా దీన్ని తిరగేసి వాడుతుంది: బళ్ల కదలికలు చూసి సిగ్నల్ టైమింగులు ఎక్కడ మార్చాలో నగరాలకు చెప్తుంది. 2023 అక్టోబర్‌లో వాళ్లు చెప్పిన 12 నగరాల్లో హైదరాబాద్, బెంగళూరు, కోల్‌కతా ఉన్నాయి. మొత్తం 70 జంక్షన్లు. బళ్లు ఆగాల్సి వచ్చే సందర్భాలు 30 శాతం దాకా తగ్గే అవకాశం ఉందని వాళ్ల తొలి అంచనా. మీ దగ్గర 'ఈ పక్క రోడ్డుకి పొద్దున తొమ్మిది నుంచి పది వరకు మూడు సైకిళ్లు పడుతోంది' అన్న పట్టిక ఉంటే అది ట్రాఫిక్ విభాగానికి ఇవ్వండి. పక్క రోడ్డు గ్రీన్‌కి పది సెకన్లు కలిపితే మీ వ్యాన్‌తో పాటు వెనకున్న ఆటో, స్కూల్ బస్సు కూడా దాటతాయి. నేను ఇలా ఇచ్చిన పట్టికల్లో రెండింటికి టైమింగులు మారాయి.

మొదలుపెట్టడానికి మీ గోదాం గేటు నుంచి మొదటి మూడు జంక్షన్లు తీసుకోండి. అన్ని వ్యాన్లూ రోజూ వాటినే దాటతాయి, నాలుగు వారాల్లో సరిపడా లెక్కలు వస్తాయి. ఒక్కో జంక్షన్‌లో పొద్దున గంట, సాయంత్రం గంట స్టాప్‌వాచ్‌తో నిలబడండి. ఆ పట్టిక చేతికొచ్చాక మళ్లీ రాయండి, ఏ మలుపు దగ్గర ఏం చేయొచ్చో కలిసి చూద్దాం.